టీడీఎస్ మీటరు చూపే అంకెలో ఏముంది? కటవారియా సరాయ్ కుళాయి నుంచి బాపట్ల ఇసుక నేలల దాకా

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ప్రాంగణానికీ కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాకూ నడుమ ఇరుకు సందుల్లో ఒదిగి ఉన్న పాత పల్లె కటవారియా సరాయ్. నగరం నలువైపులా పెరిగి దాన్ని చుట్టేసిన తరువాత అద్దె గదులకు, కోచింగ్ కేంద్రాలకు, మెస్సులకు అది చిరునామాగా మారింది. ఇంజినీరింగ్ సర్వీసులకు, గేట్ పరీక్షకు సిద్ధమయ్యేందుకు దేశం నలుమూలల నుంచి ఇక్కడికి వచ్చే యువతలో తెలుగు రాష్ట్రాల వారూ ఉంటారు.

గది కుదుర్చుకునేటప్పుడు అద్దె తరువాత అడిగే ప్రశ్న నీళ్ల గురించే. ఢిల్లీ పట్టణ పల్లెల్లో జల్ బోర్డు కుళాయి, బోరు, ట్యాంకరు, ఇరవై లీటర్ల క్యాను ఒకే భవనంలో కలగలిసి ఉండటం మామూలే. అందువల్ల ‘నీళ్లు మంచివేనా?’ అన్న ప్రశ్నకు ఇప్పుడు మాటతో కాక అంకెతో సమాధానం చెప్పడం అలవాటయింది. కలం అంత పొడవుండే టీడీఎస్ మీటరును గ్లాసులో ముంచితే రెండు క్షణాల్లో 180 అనో, 640 అనో, 1,150 అనో కనిపిస్తుంది. ఆ అంకెను చూసి కొందరు ఆర్‌వో యంత్రం కొంటారు, కొందరు గది మారతారు.

అదే తరహా అంకె, మరో పేరుతో, బాపట్ల దగ్గరి రైతు చేతిలోని భూసార పరీక్ష పత్రంలోనూ ఉంటుంది. దాన్ని చూసి ఆయన జిప్సం వేయాలా, నీరు కట్టి కడగాలా, లేక పంట మార్చాలా అని నిర్ణయించుకుంటాడు. రెండు చోట్లా పరికరం కొలిచేది ఒక్కటే: ఆ నీరు విద్యుత్తును ఎంత సులువుగా ప్రవహించనిస్తుందో. ఎంత ఉప్పు ఉందన్నది దాని నుంచి కట్టిన అంచనా. ఏ ఉప్పు ఉందన్నది ఆ అంకెలో లేనే లేదు.

చక్కెరకు కదలని ముల్లు

స్వచ్ఛమైన నీరు విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వదు. ఉప్పు కరిగినప్పుడు అది సోడియం, క్లోరైడ్ అనే రెండు ఆవేశిత కణాలుగా, అంటే అయాన్లుగా విడిపోతుంది. కరెంటును మోసేవి ఆ అయాన్లే. చక్కెర కూడా నీటిలో కరుగుతుంది గానీ అయాన్లుగా విడిపోదు. ఆర్‌వో నీటిలో రెండు చెంచాల చక్కెర కలిపి మీటరు ముంచితే అంకె దాదాపు కదలదు. చిటికెడు ఉప్పు వేస్తే ఒక్కసారిగా ఎగబాకుతుంది. ‘మొత్తం కరిగిన ఘన పదార్థాలు’ అని పేరు పెట్టుకున్న పరికరానికి, కళ్లముందు కరిగిన చక్కెర కనిపించదన్నమాట. పురుగుమందుల అవశేషాలు, బ్యాక్టీరియా కూడా దానికి కనిపించవు.

ఈ కొలతకు పునాది వేసినవారు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోల్‌రౌష్. ద్రావణంలో రెండు లోహపు పలకలు ఉంచి ఒకే దిశలో కరెంటు పంపితే పలకల దగ్గర రసాయన చర్య మొదలై కొలత చెడిపోతుంది. దిశ మారుతూ ఉండే ఏకాంతర విద్యుత్తును వాడి 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఆయన ఆ చిక్కు విప్పారు. నేటి చౌక మీటరు కొనన కనిపించే రెండు చిన్న లోహపు ముల్లులు చేసే పనీ అదే. కరిగిన ఉప్పు అయాన్లుగా ఎందుకు విడిపోతుందో 1884లో తన పరిశోధన పత్రంలో ప్రతిపాదించిన స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్‌కు ఉప్సలా విశ్వవిద్యాలయం తక్కువ శ్రేణి మార్కులే ఇచ్చింది. ఆ విషయంలోనే 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

విద్యుత్ వాహకతను సెంటీమీటరుకు ఇన్ని మైక్రోసీమెన్స్ అని చెబుతారు. మట్టి శాస్త్రంలో మీటరుకు డెసీసీమెన్స్ అనే ప్రమాణం వాడతారు. ఒక డెసీసీమెన్ అంటే ఇక్కడి 1,000 మైక్రోసీమెన్స్. సముద్రపు నీటి వాహకత సుమారు 50,000 మైక్రోసీమెన్స్.

ఉష్ణోగ్రత కూడా ఈ కొలతను మారుస్తుంది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే వాహకత రమారమి 2 శాతం పెరుగుతుంది. ఢిల్లీ జనవరిలో కుళాయి నీరు 12 డిగ్రీలూ మే నెలలో 34 డిగ్రీలూ ఉన్నదనుకుంటే, ఉప్పు ఏమాత్రం మారకపోయినా అంకె నలభై శాతానికి పైగా మారిపోవాలి. అందుకే కొలతను 25 డిగ్రీలకు సరిచేసి చెప్పడం నియమం. చాలా మీటర్లు ఈ సవరణ తామే చేస్తాయి. సవరణ లేని వాటి అంకెలను ఒక ఋతువు నుంచి మరో ఋతువుకు పోల్చడం నిరర్థకం.

ఒకే గ్లాసు, మూడు అంకెలు

వాహకతను మిల్లీగ్రాములుగా మార్చేందుకు మీటరు దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తుంది. ఆ గుణకం తయారీదారు ముందే ఎంచి లోపల పెట్టినది. కొన్నింటిలో 0.5, కొన్నింటిలో 0.64, మరికొన్నింటిలో 0.7 దరిదాపుల్లో ఉంటుంది. ఒక లీటరు స్వచ్ఛమైన నీటిలో సరిగ్గా ఒక గ్రాము సోడియం క్లోరైడ్ కరిగిస్తే వాహకత 1,990 మైక్రోసీమెన్స్ దాపున ఉంటుంది. మొదటి రకం మీటరు దాన్ని 995 అంటుంది, రెండోది 1,274 అంటుంది, మూడోది 1,393 అంటుంది. మూడూ చెడిపోయినవి కావు. మూడింటి ఊహలు వేరు. బైకార్బొనేట్లు, సల్ఫేట్లు ఎక్కువగా ఉన్న బావి నీటికి పెద్ద గుణకం సరిపోతుంది, కేవలం మామూలు ఉప్పుకు చిన్నది సరిపోతుంది.

నిజమైన టీడీఎస్ తెలుసుకోవాలంటే ప్రయోగశాలలో చేసే పద్ధతి చాలా పాతది, చాలా మోటుది: నీటిని వడపోసి, కొలిచిన పరిమాణాన్ని పాత్రలో ఆవిరి చేసి, 180 డిగ్రీల వద్ద ఆరబెట్టి, మిగిలిన తెల్లని అడుగును తూచడం. రోజులో సగం పడుతుంది కనుక ఎవరూ ఇంట్లో చేయరు. మీటరు చెప్పేది ఆ తూకానికి ప్రతినిధిని మాత్రమే.

ప్రతినిధి అయినా దానికి గట్టి ఉపయోగాలున్నాయి. ఒకే మీటరుతో ఒకే చోట పదేపదే కొలిస్తే మార్పును అది నమ్మకంగా పట్టుకుంటుంది. ఉదయం 200 చూపిన కుళాయి సాయంత్రం 900 చూపితే పైన ట్యాంకులో బోరు నీరు కలిసిందని అనుమానించవచ్చు. ఆర్‌వోలోకి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ మధ్య తేడా తగ్గుతూ వస్తుంటే పొర అరిగిపోయిందని గ్రహించవచ్చు. అలా వాడినప్పుడు గుణకం ఏదైనా పట్టింపు లేదు.

మీటరుతో పాటు ఇళ్ల ముంగిట మరో ప్రదర్శన కూడా జరుగుతుంటుంది. రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలున్న పరికరం ముంచి కరెంటు ఇస్తారు. కుళాయి నీరు క్షణాల్లో గోధుమరంగుకు తిరిగి మడ్డి తేలుతుంది, ఆర్‌వో నీరు తేటగానే ఉంటుంది. ఆ మడ్డి నీటిలోని మలినం కాదు, కడ్డీల నుంచి కరిగిన ఇనుము. లవణాలున్న నీటిలో కరెంటు ప్రవహిస్తుంది కనుక ఇనుము కరుగుతుంది, లవణాలు తీసేసిన నీటిలో కరగదు. శుద్ధమైన తాగునీటికీ అదే గతి పడుతుంది. ఈ గారడీని నమ్మి ఖర్చు పెట్టినవారు తక్కువేమీ కాదు.

500 అనే గీత

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రమాణం, 2012 నాటి సవరణ ప్రకారం, లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్‌ను ఆమోదనీయ పరిమితిగా పేర్కొంటుంది. మరో నీటి వనరు లేనప్పుడు 2,000 వరకు అనుమతిస్తుంది. రెండు అంకెల మధ్య అంత దూరం ఎందుకన్నది చాలామందికి అంతుపట్టదు. మొత్తం లవణాల పరిమితి ప్రధానంగా రుచికి, పైపులూ పాత్రలూ పాడవడానికి సంబంధించినది కావడమే కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కు ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. 600 లోపు నీరు సాధారణంగా రుచిగా ఉంటుందని, 1,000 దాటితే తాగబుద్ధి కాదని మాత్రమే చెబుతుంది.

అసలు ప్రమాదకరమైనవాటి గీతలు వేరే ఉన్నాయి. నైట్రేటు 45 మిల్లీగ్రాములు. దానికి సడలింపే లేదు. ఫ్లోరైడు 1, వేరే దారి లేకుంటే 1.5. ఆర్సెనిక్ 0.01. ఇవి టీడీఎస్ మీటరు కంటికి ఆనవు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీరు, లేని నీరు మీటరు మీద ఒకేలా 450 చూపవచ్చు. ఆ నాలుగు మిల్లీగ్రాములు ఎముకలను ఏం చేస్తాయో నల్గొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదటగా నమోదు చేసినదీ తెలుగు నేల మీదే, 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. నీళ్లు తాగడానికి ఉప్పగా లేవు కనుకనే అక్కడి జనం వాటిని తరాల తరబడి తాగారు.

ఇటు 500 లోపు నీటికి ఆర్‌వో అనవసరమన్న వాదన న్యాయస్థానాల దాకా వెళ్లింది. లీటరు నీటిని ఇచ్చేందుకు ఇంటి ఆర్‌వో రెండు మూడు లీటర్లను కాలువపాలు చేయడం పరిపాటి. లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే తక్కువ టీడీఎస్ ఉన్న చోట్ల ఆర్‌వో వాడకాన్ని నిషేధించాలనీ, వాడే చోట కనీసం 60 శాతం నీరు దక్కేలా చూడాలనీ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో కేంద్రాన్ని ఆదేశించింది. ట్యాంకర్ల కోసం వరుసలు కట్టే నగరంలో ఆ లెక్క చిన్నది కాదు.

సముద్రానికి ఒక్క అంకె చాలు

ఒకే అంకెతో ఉప్పదనాన్ని చెప్పే అలవాటు సముద్ర శాస్త్రం నుంచి వచ్చింది, అక్కడ అది సబబే. 1870లలో ప్రపంచ సముద్రాలను చుట్టివచ్చిన చాలెంజర్ నౌక తెచ్చిన 77 నమూనాలను విశ్లేషించిన విలియం డిట్మార్, నీరు ఎక్కడిదైనా దానిలోని ముఖ్య లవణాల పరస్పర నిష్పత్తి దాదాపు మారదని 1884లో చూపారు. బంగాళాఖాతంలో నదులు కలిసి ఉప్పు పలచబడవచ్చు, ఎర్ర సముద్రంలో చిక్కబడవచ్చు. సోడియానికీ కాల్షియానికీ మధ్య నిష్పత్తి మాత్రం ఇంచుమించు అదే. కనుక క్లోరైడు ఒక్కటి కొలిస్తే మిగిలినవన్నీ లెక్క తేలుతాయి. చాలాకాలం నౌకల మీద వెండి నైట్రేటు ద్రావణంతో అలాగే కొలిచారు. 1978 ప్రమాణం తరువాత వాహకత ఆ స్థానం తీసుకుంది. సగటు సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల ఉప్పు.

భీమవరం ప్రాంతపు రొయ్యల చెరువుల గట్ల మీద ‘సెలైనిటీ ఇన్ని పీపీటీ’ అని వినిపించే మాటకు మూలమిదే. అక్కడ తరచూ వాడేది రిఫ్రాక్టోమీటరు. చుక్క నీటిని గాజు మీద వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే, ఉప్పును బట్టి కాంతి వంగిన మేరకు లోపలి గీత మీద అంకె కనిపిస్తుంది. సముద్రపు నీరు పెట్టిన చెరువుకు అది బాగానే పనిచేస్తుంది.

బావులకు ఈ సౌలభ్యం లేదు. ప్రతి బావిలోని నీరూ తాను నడిచివచ్చిన రాయిని, మట్టిని, పైన ఉన్న మురుగు గుంటను బట్టి తనదైన కలగలుపు. రెండు బావులు ఒకే 1,200 చూపవచ్చు. ఒకదానిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు. కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరులో తెల్లటి పొర కడుతుంది. రెండోదానిలో సోడియం, పప్పు ఉడుకుతుంది గానీ, ఆ నీరు పారిన తోట రెండేళ్లలో గట్టిపడుతుంది. ఇంట్లో నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ యంత్రం చేసేది సరిగ్గా ఈ మార్పే: కాల్షియం తీసుకొని సోడియం ఇస్తుంది. ముందూ వెనుకా టీడీఎస్ మీటరు పెడితే చెప్పుకోదగ్గ తేడా కనిపించదు.

ఢిల్లీ అడుగున

కటవారియా సరాయ్ పక్కనే సంజయ్ వన్ ఉంది. ఆరావళి పర్వతశ్రేణి ఉత్తరపు కొస అయిన ఢిల్లీ రిడ్జ్‌లో అది ఒక భాగం. అక్కడి రాయి క్వార్ట్‌జైట్. నీటిలో సులభంగా కరగదు. అందువల్ల రిడ్జ్ పరిసరాల్లో పగుళ్ల నుంచి వచ్చే భూగర్భ జలం సాధారణంగా మంచినీరే. ఇక్కడి బాధ ఉప్పు కంటే లోతు. దక్షిణ ఢిల్లీలో నీటి మట్టం బాగా కిందికి దిగిపోయింది. పడమరగా నజఫ్‌గఢ్ వైపు వెళితే కథ తిరగబడుతుంది: ఒండ్రు నేల, సరిగ్గా పారని పల్లం, పైకి లేచే తేమ, ఎండకు ఆవిరై మిగిలే ఉప్పు. నీరు దగ్గరలోనే దొరుకుతుంది, నోట పెట్టుకోలేం. యమునా వరద మైదానంలో పై పొరల్లో మంచినీరు, అడుగున ఉప్పునీరు. అక్కడ మరింత లోతుకు బోరు దింపితే మరింత మంచి నీరు పడుతుందన్న నమ్మకం నష్టమే తెస్తుంది.

ఈ సంగతి నగరానికి పాతదే. పాత ఢిల్లీలో మసాలా దినుసులకు పేరుపడిన బజారు ఖారీ బావోలీ. ఆ పేరుకు అర్థం ఉప్పునీటి మెట్లబావి. బావి పోయింది, ఉప్పు పేరులో నిలిచింది.

నేలలోకి దిగకుండానే ఉప్పునీటి జాడ పట్టే పద్ధతి ఉంది. నేల మీద ఇనుప మేకులు వరుసగా దిగగొట్టి రెండింటి గుండా కరెంటు పంపి, మరో రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. మేకుల ఎడం పెంచేకొద్దీ కొలత లోతుకు దిగుతుంది. నిరోధం అకస్మాత్తుగా పడిపోయిన చోట ఉప్పునీరో బంకమన్నో ఉండవచ్చు. రెండింటినీ వేరు చేసి చెప్పడానికి ఆ ప్రాంతపు భూమి తెలిసిన మనిషి కావాలి. టీడీఎస్ మీటరులో ఉన్న సూత్రమే ఇది, పొలమంత పెద్దదిగా.

తీరంలో డొరువులు

ఉప్పునీటి మీద తేలే మంచినీటిని వాడుకోవడం ఢిల్లీ కంటే తీరాంధ్రకు బాగా తెలుసు. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో రైతులు తరతరాలుగా తవ్వుకునే లోతులేని గుంటలను డొరువులంటారు. వానకు ఇసుకలో ఇంకిన మంచినీరు సముద్రం నుంచి చొచ్చుకువచ్చిన ఉప్పునీటి కంటే తేలిక. అందుకని పైన పొరగా నిలుస్తుంది. ఆ పొర మందం లెక్క డచ్చి ఇంజినీరు బాడన్ గైబెన్, జర్మన్ ఇంజినీరు హెర్జ్‌బర్గ్ 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది మొదట్లో విడివిడిగా కట్టారు. సముద్ర మట్టం కంటే మంచినీరు ఒక మీటరు ఎత్తున ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుంది. ఈ లెక్కను తిరగేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. మోటారు పెట్టి పై మట్టాన్ని ఒక్క మీటరు దించితే, కింది ఉప్పునీరు కాలక్రమంలో నలభై మీటర్లు పైకి వస్తుంది.

డొరువులో కుండ ముంచి మొక్కలకు పోసిన రైతు ఆ సమతూకాన్ని చెడగొట్టలేదు. చెడగొట్టేంత నీరు కుండతో తోడలేడు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ పద్ధతినే మెరుగుపరిచింది. గుంటకు బదులు, నీటి మట్టానికి కొద్ది దిగువన చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటి నీటిని ఒక సంపులోకి చేర్చి, చిన్న మోటారుతో తోడటం. నిలువుగా లోతుకు దిగిన బోరు ఒక్క చోట గట్టిగా లాగితే అడుగు నుంచి ఉప్పు శంకువులా లేచి వస్తుంది. అడ్డంగా పరిచిన గొట్టం పై మీగడను మాత్రమే తీస్తుంది.

మట్టికి అంకె ఎలా వస్తుంది

నీటిని గ్లాసులో పట్టి మీటరు ముంచవచ్చు. పొడి మట్టిని ఎలా కొలవాలి? నీరు కలపాలి. ఎంత కలపాలన్న చోటే తికమక మొదలవుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం రివర్‌సైడ్‌లో ఉన్న లవణీయతా ప్రయోగశాల 1954లో ప్రచురించిన కరదీపిక ఇందుకు ప్రామాణికం. ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టికి స్వేదన జలాన్ని కొద్దికొద్దిగా చేరుస్తూ కలుపుతారు. ముద్ద పైభాగం మెరవాలి, గిన్నె వంచితే కొద్దిగా జారాలి, గరిటె నుంచి శుభ్రంగా ఊడిరావాలి. అక్కడితో ఆపి, కొన్ని గంటలు ఉంచి, గాలిని పీల్చే పంపుతో ఆ ముద్దలోని నీటిని పిండి, దాని వాహకత కొలుస్తారు. పిండివంటకు పాకం చూసినట్టు ఇదీ చేతి అనుభవం మీద నడిచే పనే. ఈ పద్ధతిలో వచ్చిన వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే ఆ నేల లవణ నేల. వేర్లకు అందే నీటికి ఇది దగ్గరి కొలత.

లక్షల నమూనాలకు ఇంత శ్రమ సాధ్యం కాదు. కనుక మన భూసార పరీక్ష కేంద్రాల్లో సాధారణంగా ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీరు కలిపి, కదిపి, నేరుగా కొలుస్తారు. 2015లో కేంద్రం ప్రారంభించిన సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాల్లో ఈ వాహకత ఒకటి. పద్ధతిలో తప్పు లేదు, కానీ నీరు ఎక్కువ పోశారు గనుక అంకె చిన్నదవుతుంది. ఇసుక నేల తన బరువులో సుమారు పాతిక శాతం నీటితోనే ముద్దవుతుంది. దానికి రెండున్నర రెట్ల నీరు పోయడమంటే పదింతలు పలచన చేయడం. నల్లరేగడి వంటి బరువు నేల ఎనభై శాతం దాకా నీరు పీలుస్తుంది. అక్కడ పలచన మూడింతలే. కార్డు మీద రెండు నేలలకూ 0.6 అని ఉంటే, రేగడిలో అసలు లవణీయత 2 కంటే తక్కువ, ఇసుకలో 6 కావచ్చు. జిప్సం వంటివి ఎక్కువ నీటిలో ఇంకా కరుగుతాయి కనుక ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. అయినా, పుస్తకంలో చదివిన 4 అనే గీతతో కార్డు మీది 0.6ను పోల్చి నిశ్చింతగా ఉన్న రైతు ఎంత నష్టపోగలడో చెప్పడానికి ఇది చాలు.

నష్టం ఎంతన్నదానికి మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1977లో ఇచ్చిన పట్టికలు నేటికీ ఆధారం. సంతృప్త ముద్ద కొలతలో వరి 3 డెసీసీమెన్స్ వరకు ఓర్చుకుంటుంది. ఆపై ఒక్కో యూనిట్‌కు సుమారు 12 శాతం దిగుబడి పోతుంది. మిరప 1.5 దాటగానే యూనిట్‌కు 14 శాతం చొప్పున తగ్గుతుంది. పత్తి 7.7 వరకు నిలుస్తుంది. కొలత 5 ఉన్న పొలంలో వరి దాదాపు నాలుగో వంతు, మిరప సగం దాకా పోతుంది. పత్తికి ఏమీ కాదు.

పాల చౌడు, కారు చౌడు

తెలుగు రైతు ఈ విభజనను మీటర్లకు ముందే చేసుకున్నాడు. ఎండాకాలంలో తెల్లటి ఉప్పు పూసే నేల పాల చౌడు. తడిస్తే సబ్బులా జారుతూ, ఆరితే బండలా బిగుసుకొని, నల్లటి మరకలతో నీటిని ఇంకనివ్వనిది కారు చౌడు. చాకలివారు బట్టలు ఉడకబెట్టేందుకు తెచ్చుకున్న సవుడు మట్టిలో సోడియం కార్బొనేటు ఉండటం వల్లే అది సబ్బు పని చేసింది.

రెండూ ‘ఉప్పు నేలలే’ గానీ చికిత్సలు వేరు. పాల చౌడులో ఉప్పు మట్టి రేణువుల మధ్య నీటిలో ఉంది. మంచినీరు కట్టి, అడుగున పారే దారి చేస్తే కడుక్కుపోతుంది. జిప్సం వేయడం దండగ ఖర్చు. కారు చౌడులో సోడియం మట్టి రేణువుకే అంటుకొని ఉంది, బంకమట్టిని చెదరగొట్టి రంధ్రాలను మూసేస్తుంది. దాన్ని ఉత్త మంచినీటితో కడిగితే నేల ఇంకా బిగుస్తుంది. ముందు జిప్సంలోని కాల్షియం సోడియాన్ని రేణువు నుంచి తొలగించాలి, తరువాత నీరు దాన్ని దించాలి. జీలుగ వేసి కలియదున్నడం రెండో దశలో మేలు చేస్తుంది.

వాహకత మీటరు ఈ రెంటినీ వేరు చేయలేదు. ఇంకా చెప్పాలంటే, కారు చౌడులో వాహకత 4 కంటే తక్కువే ఉండవచ్చు, అంటే అంకె ప్రకారం ఆ నేల బాగానే ఉన్నట్టు. దాన్ని పట్టించేవి ఉదజని సూచిక 8.5 దాటడం, మట్టి పట్టి ఉంచే మొత్తం అయాన్లలో సోడియం వాటా 15 శాతం మించడం. సాగునీటికైతే సోడియాన్ని, కాల్షియం–మెగ్నీషియం సగటు వర్గమూలంతో భాగించి చూస్తారు; ఆ నిష్పత్తి పెరిగేకొద్దీ నేల బిగుసుకునే ముప్పు పెరుగుతుంది.

కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థ లెక్కల్లో దేశంలో 67.3 లక్షల హెక్టార్లు లవణ ప్రభావిత నేలలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 2.74 లక్షల హెక్టార్లు. అందులో దాదాపు 1.97 లక్షలు కారు చౌడు, సుమారు 78 వేలు తీరప్రాంతపు లవణ నేలలు. కడగడానికి నీరున్నా, కడిగిన నీరు పోయే దారి లేకపోవడం డెల్టా కష్టం. 1990ల ద్వితీయార్ధంలో భారత–డచ్చి సహకార పథకం కింద బాపట్ల కేంద్రం కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో, సాగర్ కుడి కాలువ కింద కొణంకిలో పొలాల అడుగున చిల్లుల గొట్టాలు వేసి ఉప్పునీటిని బయటికి పారించే ప్రయోగాలు చేసింది. ఊరి పేరులోనే ఉప్పున్న చోట ఆ పని జరగడం యాదృచ్ఛికమే కావచ్చు.

పరీక్షకు ఏమి అడగాలి

తాగే బోరు నీటిని ప్రయోగశాలకు ఇచ్చేటప్పుడు టీడీఎస్ ఒక్కటే అడిగితే ఇంట్లో తెలిసినదే తిరిగి వస్తుంది. నైట్రేటు, ఫ్లోరైడు, కాఠిన్యం, క్లోరైడు, బ్యాక్టీరియా పరీక్షలు అడగాలి. సాగునీటికి సోడియం, కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేటు, బైకార్బొనేటు విడివిడిగా కావాలి. మీటరును 1,413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంలో ముంచి అప్పుడప్పుడు సరిచూసుకోవచ్చు. ఆ ద్రావణం రసాయనాల దుకాణాల్లో దొరుకుతుంది.

మట్టి పత్రంలో వాహకత పక్కన మట్టికి నీటికి నిష్పత్తి ఎంతో రాయించుకోవాలి. తీరప్రాంతంలో ఉప్పు మే నెలలో పైకి లేచి, వానలకు కిందికి దిగుతుంది కనుక ఏటా ఒకే నెలలో నమూనా తీయాలి. పైన పేరుకున్న తెల్లటి పొరను గీకి వేరే సంచిలో, 15 సెంటీమీటర్ల వరకు మట్టిని ఒక సంచిలో, అక్కడి నుంచి 30 వరకు మరో సంచిలో వేసి, తీసిన తేదీ, చివరి తడి ఇచ్చిన తేదీ, వేయదలచిన పంట పేరు సంచి మీద రాయాలి.